చవుక చక్రము, కొండదారి



నేడు నేను మీతో ముచ్చటింపబూనినది చక్రమును గూర్చి. మా అనకాపల్లికి కూతవేటు దూరమున శంకరము గ్రామమందలి బొజ్జన్నకొండపై పూర్వము బౌద్ధ భిక్షువులు ధర్మచక్రమును గూర్చి బోధించియుందురు. నాకు అంతటి విషయము తెలియదు. నాకు తెలిసినది సైకిలు చక్రము. అందును, ఇప్పుడు బాలురు మక్కువతో కొనిపించుకొనుచున్న లావు టైర్ల గేరు సైకిలు చక్రము. దానిని మౌంటెన్ బైకు అందురు, అనగా కొండసైకిలు. మీ ఇండ్లలో మనుమలు దానికై మారాము చేయుచునే యుందురు గనుక, ఒక మనుమని తాతగా నేను నేర్చుకొనినదానిని మీ చెవిని వేయుట మేలని తలచితిని.

నేను బెల్లపు బజారు వాసనలో పెరిగినవాడను. మా నాయనగారు 28 అంగుళముల చక్రముల నల్ల సైకిలు వెనుక క్యారియరుమీద బెల్లపు దిమ్మలు కట్టుకొని తుమ్మపాల నుండి బజారునకు వచ్చుచుండెడివారు. ఆ సైకిలు ముందుచక్రమునకు 32 పుల్లలు, వెనుకచక్రమునకు 40 పుల్లలు. పదునైదేండ్లలో ఆ చక్రములలో ఒక్క పుల్ల తెగినట్లు నేనెఱుగను. సైకిలన్న నిట్లే యుండునని నమ్మి పెరుగుటయే నా పొరపాటునకు మొదలు.

2021వ సంవత్సరమున, కరోనా తగ్గి బడులు మరల తెఱచిన కాలమున, నా కుమార్తె కొడుకునకు ఒక కొండసైకిలు కొంటిని. వానికప్పుడు పదునైదేండ్లు. దుకాణమున రెండు రకములుండెను. చూపునకు రెండును అన్నదమ్ములవలె నుండెను: అవే గేర్లు, అవే లావు టైర్లు, ముందు అదే స్ప్రింగు ఫోర్కు. ధరలో మాత్రము నాలుగువేల రూపాయల తేడా. "తాతా, చక్రాలు వేరంట" అని మనుమడు నసిగెను. "చక్రము గుండ్రముగానున్న చాలురా" అని నేను చమత్కరించి, చవుకదానినే తెచ్చితిని. ఆ మాట పిమ్మట నాకే ముల్లయినది.

శ్రోతలలో ఎడ్లబండి చేయించినవారు పలువురుందురు. బండిచక్రము బరువు మోయు తీరు మీకు నాకంటె బాగుగా తెలియును. ఇరుసుమీది బరువు క్రిందివైపునున్న ఆకుమీద పడును. ఆ ఆకు స్తంభమువలె నిలిచి మోయును. అందుకే దానిని మణికట్టంత లావుగా చెక్కుదురు. సైకిలు పుల్ల మందము 2 మిల్లీమీటర్లు మాత్రమే. దానిని నేలపై నిలువుగా నిలిపి వ్రేలితో నొక్కిన వంగిపోవును. అట్టి పుల్లలు ముప్పదియాఱు కూడి మనిషిని, ఆతని మూటను ఎట్లు మోయుచున్నవి?

నులకమంచమును తలచుకొనుడు. నులకత్రాడు ఒంటరిగా దేనిని నిలబెట్టలేదు. కాని నాలుగు పట్టెల నడుమ బిగియలాగి అల్లినచో నలుగురు కూర్చున్నను మోయును. సైకిలు చక్రమును అట్లే. ప్రతి పుల్లయు రిమ్మును లోనికి లాగుచుండును. అన్నియు సమానముగా లాగుటచేత రిమ్ము ఎటును పోలేక గుండ్రముగా నిలుచును. మనము ఎక్కి కూర్చున్నప్పుడు నేలకు దగ్గఱనున్న రెండుమూడు పుల్లల బిగువు కొంత తగ్గును. ఆ తగ్గినదే మన బరువు. అనగా బిగువులో మిగులు ఉన్నంతవఱకే చక్రమునకు బలము. నులక వదులైన మంచము పట్టెలు కిఱ్ఱుమని కదలునట్లు, పుల్లలు వదులైన చక్రమును కదలును.

సన్నని తీగెలతో చక్రము కట్టవచ్చునను ఊహ 1808లోనే ఇంగ్లండులో జార్జి కేలీయను పండితునకు కలిగినది. ఆయన ఎగురు యంత్రమునకు తేలికైన చక్రము కావలెనని యోచించెను. సైకిలునకు దానిని 1869లో పారిసు నగరమున యూజేను మేయరు తగిలించెను. కవెంట్రీ నగరపు జేమ్సు స్టార్లీ 1874లో పుల్లలను హబ్బునకు ఏటవాలుగా, ఒకదాని నొకటి దాటునట్లు అల్లు పద్ధతిని తెచ్చెను. నేటికిని మన వీధి సైకిళ్లలో ఆ అల్లికయే. 1888లో డన్లపుదొర గాలి టైరు చేర్చెను. దాని తరువాత చక్రపు మూలసూత్రమున పెద్ద మార్పు లేదు. కావున చక్రము మంచిచెడ్డలు సూత్రమున లేవు, లోహమునందును కట్టిన చేతియందును ఉన్నవి.

మా సైకిలు మొదటి రెండు నెలలు బాగుగనే తిరిగెను. బడికి, బొజ్జన్నకొండకు, ఒకనాడు కొండకర్ల ఆవ గట్టుమీదికి పోయివచ్చెను. మూడవ నెలలో వెనుకచక్రమున టింగుమని ఒక పుల్ల తెగెను. మా వీధి చివర సైకిళ్లు బాగుచేయు ముసలాయన ఉండెడివాడు. క్రొత్త పుల్ల వేసి వంకర తీసి పంపెను. పది దినములకు ఇంకొకటి, ఆపై వారమునకు మఱియొకటి తెగెను. అన్నియు గేర్లవైపు పుల్లలే, అన్నియు హబ్బు దగ్గఱ వంపునందే తెగినవి. నాలుగవమారు ఆయన తెగిన ముక్కను నా అరచేతిలో పెట్టి, "మేష్టారూ, ఇది విరగలేదండి, అలిసిపోయిందండి. ఒకటి మారిస్తే పక్కది పోతాది. చక్రం మొత్తం విప్పి కొత్త పుల్లలతో కట్టించుకోండి" అనెను. ఆయన అడిగిన సొమ్ము నాకు అధికమనిపించెను. చవుక సైకిలునకు అంత పెట్టుట యేలనని, ఆ ఒక్క పుల్లనే వేయించితిని.

ఆయన ఆడిన "అలిసిపోయింది" అను మాట యింజనీర్లు వాడు మాటయే. ఇనుప తీగెను ఒక్కసారి వంచిన విఱుగదు. అటునిటు పలుమారులు వంచినచో విఱుగును. ఇది మనకందఱకును తెలిసినదే. 26 అంగుళముల లావు టైరు చక్రము ఒక్కమారు తిరిగిన రెండు మీటర్ల పైచిలుకు పోవును. కిలోమీటరునకు సుమారు 490 మారులు తిరుగును. నూఱు కిలోమీటర్లకు 49 వేల మారులు. తిరిగిన ప్రతిమారును ప్రతి పుల్లయు ఒకసారి బిగువు తగ్గి మరల బిగియును. చక్కగా బిగించిన పుల్లయందు ఈ హెచ్చుతగ్గు బిగువు నడుమనే జరుగును, పుల్ల కదలదు. వదులుగా కట్టినచో పుల్ల క్రిందికి వచ్చినపుడెల్ల పూర్తిగా జాఱి, హబ్బు రంధ్రములో వంపువద్ద ఆడి, మరల గుంజుకొనును. అక్కడ వెండ్రుక సన్నపు పగులు పుట్టి పెరుగును. పైగా జాఱిన పుల్ల కొనయందలి చిన్న మర తనంతట తాను విప్పుకొనుచు పోవును.

చవుక చక్రములందు ఈ జబ్బు ఏల మెండు? వానిని యంత్రము గడగడ కట్టి విడుచును. రిమ్ము గుండ్రముగా కనబడిన చాలును, పుల్లల బిగువు సమానమైనదా కాదా యని చూచు తీరిక ఆ ధరలో లేదు. మేలైన చక్రమును యంత్రము కట్టినను, పిమ్మట తెలిసినవాడు చేతితో సవరించును. జతజతగా పుల్లలను పిడికిట పట్టి గట్టిగా నొక్కి, వంపులు హబ్బులో కుదురునట్లు చేసి, మరల బిగించును. ఈ చిన్నపని చేయని చక్రము, చేసిన చక్రము ఒకే పుల్లలతో కట్టినను ఆయువులో చాల తేడా యుండును. ఈ సంగతి నాకు మా ముసలాయన చేయుచుండగా చూచిన పిదపనే తెలిసినది. అది ఎట్లు చూడవలసివచ్చెనో చెప్పెదను.

2022 జనవరిలో, సంక్రాంతి సెలవులలో, మనుమడును వాని తోడి పిల్లలు ఇద్దఱును చోడవరము, మాడుగుల మీదుగా పాడేరు ఘాటురోడ్డునకు పోయిరి. ఆ సంవత్సరము ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు దానికి ముఖ్యపట్టణమైనది. అదేదినమున మా అనకాపల్లియు జిల్లా అయినది. ఆ మూడునెలల ముందు మేమందఱమును విశాఖపట్టణము జిల్లావారమే. మైదానము విడిచి గరికబంద వైపు ఎక్కువారికి ఆ దారి మలుపులు తెలియును. పిల్లలు ఉదయమున చలిలో ఎక్కిరి. ఎక్కునపుడు టింగుమని శబ్దమైనదట. మావాడు విని, దిగిన తరువాత చూచుకొందమనుకొనెను. పుల్లలు తెగుట వానికి అలవాటైపోయెను గదా! ఆ అలవాటు చేసినవాడను నేనే.

దిగునపుడు ఒక మలుపులో వెనుకచక్రము గుంటలో పడెను. తెగిన పుల్ల ప్రక్కవి రెండు ఒక్కమారుగా తెగి, రిమ్ము అప్పడమువలె మెలి తిరిగి, చట్రమునకు తగిలి బిగిసిపోయెను. పిల్లవాడు కొండగోడవైపు పడుట మా అదృష్టము. రెండవవైపు లోయ. ఎడమ మణికట్టు ఎముక విఱిగి ఆఱువారములు కట్టుతో నుండెను. దారిని పోవు జీపువారు ఎక్కించుకొని మాడుగుల తెచ్చిరి. వా రెవరో పేరైన చెప్పలేదు.

ఆ రాత్రి సైకిలుతో వచ్చిన కాగితములు తీసి చూచితిని. ఒక చిన్న పుస్తకము, ఆంగ్లమున. అందు నాలుగవ పుటలో, ఈ సైకిలు చదునైన రోడ్లమీద వాడుకకే గాని కొండదారులకును దూకుటకును తగినది కాదని సన్నని అక్షరములలో నుండెను. ముప్పదియేండ్లు పిల్లలకు చదువు చెప్పిన నేను ఆ నాలుగు పుటలు చదువలేదు. మోసపోతినని ఎవరిమీదను ఫిర్యాదు చేయుటకు నాకు నోరు రాలేదు. అయినను కొండసైకిలు రూపమిచ్చి, కొండ ఎక్కవద్దని లోపల వ్రాయుట నాకేమో సబబుగా తోచదు.

మఱుసటి వారము వంగిన చక్రమును ముసలాయన వద్దకు కొనిపోతిని. ఆయన "నే చెప్పానా" అని అనలేదు. చక్రమును ముక్కముక్కగా విప్పి చూపెను. ముందు రిమ్ము. అది ఒంటిపొర రిమ్ము, అనగా ఇంటిచూరు క్రింది రేకు తూమువలె ఒకే రేకును వంచి చేసినది. మేలైన రిమ్ము రెండుపొరలది. ఆ తూముమీద మఱియొక రేకు మూసి పెట్టెవలె చేసినది. వెదురుబొంగును నిలువున చీల్చినచో ఆ బద్ద చేతితో వంగును. చీల్చని బొంగు వంగదు. వెదురు అదే, ఆకారమే వేరు. దుకాణములో దీనిని కనుగొనుట సులభము. టైరు విప్పించి, గాలి వాల్వు దూరు రంధ్రమును చూడవలెను. ఒకదానిమీద నొకటిగా రెండు రేకులు కనబడిన రెండుపొరలది. పుల్లల మరల తలలు టైరు అడుగుననే పైకి కనబడుచున్న అది ఒంటిపొరది.

తరువాత వెనుకచక్రపు వాలు. ముందుచక్రమును ఎదుట నిలిచి చూచినచో పుల్లలు ఇరువైపుల ఒకే ఏటవాలున గుడారపు త్రాళ్లవలె నుండును. వెనుకచక్రమున కుడివైపు ఏడు పండ్లచక్రముల గుత్తికి చోటు కావలెను గనుక హబ్బు కుడిరెక్క లోనికి జరుగును. అందుచేత కుడివైపు పుల్లలు దాదాపు నిటారుగా నిలుచును. రిమ్మును నడుమ నిలుపుటకు వానిని ఎక్కువ బిగింపవలెను. ఎడమవి ఏటవాలుగా నుండి తక్కువ బిగువుతో సరిపెట్టుకొనును. కావున కుడివైపువి తెగును, ఎడమవైపువి వదులగును. మా నాయనగారి సైకిలునకు వెనుక ఒకే పండ్లచక్రము. హబ్బు ఇరువైపుల ఇంచుమించు సమానము. పైగా 40 పుల్లలు. దిమ్మలు మోసిన రహస్యమిదే.

ఇరుసు సంగతి యొకటి కలదు. చవుక సైకిళ్లలో పండ్ల గుత్తిని హబ్బునకు మరతో బిగింతురు. దానిని ఫ్రీవీలందురు. అట్టి హబ్బులో కుడివైపు గోలీలు గుత్తికి లోపలనే ఆగిపోవును. అక్కడినుండి చట్రము వఱకు ఇరుసు ఆధారము లేక వ్రేలాడును. బరువైనవారు గుంటలలో తొక్కిన వంగును, ఒకప్పుడు విఱుగును. జపానుదేశపు షిమానో సంస్థ 1978లో తెచ్చిన క్రొత్తరకపు హబ్బులో కుడిగోలీలు గుత్తి చివరకు జరిగినవి. ఇరుసు గట్టిపడినది. దుకాణములో నాలుగువేల తేడాలో కొంత ఇందులకే. మా హబ్బు విప్పినపుడు ఇరుసు కొంచెము వంగియే యుండెను. లోపల గ్రీజు బొట్టు పెట్టినంత మాత్రమే. గోలీలు తుప్పు పట్టియుండెను.

వానలో బ్రేకును గూర్చి ఒక మాట. మన పాత సైకిళ్ల రిమ్ములు మెఱుగుపెట్టిన ఉక్కువి. ఆషాఢమున తడిసిన ఉక్కుమీద బ్రేకు రబ్బర్లు జాఱుట మనమందఱ మనుభవించినదే. అల్యూమినియము రిమ్ము తడిలోను మేలుగా పట్టును. కాని రబ్బర్లు దానిని నెమ్మదిగా అఱుగదీయును, ప్రక్కగోడ వ్రేలికి పల్లముగా తగిలిన దానిని మార్పవలెను. హబ్బు వద్ద పళ్లెమును పట్టు డిస్కు బ్రేకునకు రిమ్ము తడియు అఱుగుటయు లెక్కలేవు. అయితే ఆ బ్రేకు శక్తియంతయు హబ్బు నుండి పుల్లల మీదుగనే నేలకు చేరవలెను. స్టార్లీ అల్లిన అడ్డుపుల్లలు అందులకు తగియే యున్నవి, బిగువుగా నున్నపుడు మాత్రమే.

నేను చేసిన మఱియొక తెలివితక్కువ పని చెప్పి మిమ్ము నవ్వించెదను. ఒకమారు టైరు చిరుగగా "26 అంగుళములది" అని చెప్పి తెప్పించితిని. వచ్చినది రిమ్మునకు ఎక్కలేదు, వదులుగా తిరిగెను. 26 అంగుళములని వేర్వేఱు కొలతలు కలవట! కొండసైకిలు రిమ్ము, టైరు కూర్చుండు చోట 559 మిల్లీమీటర్లు. అదే 26 పేరుగల సన్నటైరు సైకిలుది 590. కావున టైరు ప్రక్కన అంగుళముల వెంట అచ్చువేసిన ఆ మూడంకెల సంఖ్యనే చూచి కొనుడు. మన 28 అంగుళముల పాత సైకిలుది 635. ఆ ప్రక్కనే టైరులో పట్టింపవలసిన గాలియు వ్రాసియుండును. మెత్తగానుండునని గాలి తక్కువ పట్టించినచో గుంటలలో రిమ్ము ఱాతికి తగిలి సొట్టపడును. తుమ్మముల్లు చేయని కీడును ఇది చేయును.

ఈ కొండసైకిలు పుట్టుకయు చవుక చక్రముల మీదనే జరుగుట వింత. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున టమల్పయిసు అను కొండ కలదు. 1970 దశకమున అక్కడి యువకులు కొందఱు 1930 దశకము నుండి పిల్లలకై చేయబడుచుండిన లావు టైర్ల పాత సైకిళ్లను కొని, మట్టిదారిన కొండ దిగుచుండిరి. 1976లో పందెములు మొదలుపెట్టిరి. వెనుకహబ్బులోనే బ్రేకు ఉండుటచేత దిగుసరికి లోపలి గ్రీజు కాలి పొగయ్యెడిది. ప్రతి పందెమునకును హబ్బు విప్పి క్రొత్త గ్రీజు నింపవలసివచ్చెను గనుక ఆ దారికి "రీప్యాక్" అను పేరే స్థిరపడినది. వారు చవుక చక్రములనే వాడిరి, కాని ప్రతిమారును విప్పి చూచుకొనిరి. ఆ మిత్రులే పిదప తేలికైన రిమ్ములతో క్రొత్త సైకిళ్లు కట్టిరి. 1981 నాటికి అవి కర్మాగారములలో పెద్దయెత్తున తయారగుటకు ఆరంభమైనవి.

చవుక చక్రము పనికిరాదని నేననను. బరువు తక్కువగల బాలుడు తారురోడ్డుమీద బడికి పోయివచ్చుటకు అది ఏండ్లతరబడి చాలును. మా వీధిలో అట్టివి నాలుగున్నవి. కొనిన దినముననే తెలిసినవానికిచ్చి పుల్లలు సరిచేయించి, నూఱు కిలోమీటర్లు తిరిగిన పిదప మరల చూపించినచో సగము బాధ తీరును. ఇంటివద్ద చూచుకొను ఉపాయము సులభము. సైకిలును తలక్రిందులుగా నిలిపి, ఒకవైపు పుల్లలను వరుసగా వ్రేలితో మీటవలెను. ఇంచుమించు ఒకే స్వరము పలుకవలెను. బొంగురుగా పలికినది వదులు. వెనుకచక్రమున కుడివైపు స్వరము హెచ్చుగానుండుట సహజము, కావున ఒక వైపును రెండవదానితో పోల్పరాదు. చట్రమునకు పెన్సిలు ఆనించి రిమ్ము దగ్గఱ నుంచి చక్రమును త్రిప్పినచో ప్రక్కకు ఊగుట తెలియును. మరను త్రిప్పువారు టైరువైపునుండి చూచి గడియారపు ముల్లు దిక్కున త్రిప్పిన బిగియునని గుర్తుంచుకొనవలెను. ఒకమారు పావుచుట్టుకు మించరాదు. నేను తొలుత తాఱుమాఱు త్రిప్పి ఒక ఆదివారము చెడగొట్టితిని. పుల్లలు రెండు తెగిన పిదప మాత్రము ఒక్కొక్కటి వేయించుచు పోరాదు, మొత్తము కట్టింపవలెను.

మా చక్రమును ఆయన రెండుపొరల రిమ్ము, 36 క్రొత్త పుల్లలు, క్రొత్త ఇరుసుతో తిరిగి కట్టెను. హబ్బు పాతదే. అర్ధదినము పట్టెను. సరకు, కూలి కలిసి నాడు నేను మిగిల్చిన నాలుగువేలలో సగముకంటె తక్కువే అయినది. నేను ప్రక్కన పీటవేసికొని కూర్చుండి చూచితిని. పుల్లలన్నియు బిగించిన పిదప రెండేసి పుల్లలను రెండు చేతులతో పట్టి పిండునపుడు లోపల కటకటమని శబ్దమయ్యెను. "అదిగోనండి, కుదురుకుంటున్నాయి" అనెను.

మనుమడిప్పుడు చదువునకై విశాఖపట్టణమున నున్నాడు. సైకిలు నా యింటి వసారాలో నున్నది. దానిపై నేనే బజారునకు పోయివచ్చుచున్నాను. ఆ చక్రమున నేటివఱకు ఒక్క పుల్లయు తెగలేదు. సెలవులకు వచ్చినపుడు మావాడు గరికబంద వఱకు పోయెదనని అడుగును. ముందురాత్రి వసారాలో సైకిలును తలక్రిందులు చేసి తాతామనుమలమిద్దఱము పుల్లలు మీటుదుము. నాకు చెవి కొంత మందగించినది. బొంగురుగా పలికినదానిని వాడే పట్టును.